ఫ్రెంచిలో ఆంగ్లాదేయపదములు: ఉచ్చారణము, అక్షరవిభాగము

అన్యభాషాపదము ఒక భాషలో కలిసిపోయినదో లేదో నిర్ణయించుటకు దాని లేఖనరూపమును చూచుట పరిపాటి. ఫ్రెంచిలోని ఆంగ్లపదములను పరిశీలించినచో ఈ కొలత చాలదని తేలును. ఇచ్చట అక్షరమనగా లిపిసంకేతము కాదు. ఒక అచ్చును ఆశ్రయించి పలుకబడు ధ్వనిసముదాయము. అరసున్న అనునాసికాచ్చునకు గుర్తు.

ఆదానము ప్రధానముగా రెండు మార్గములలో జరిగినది. మొదటిది శ్రవణమార్గము. 18వ శతాబ్దిలో 'రైడింగ్ కోట్' అను ఆంగ్లసమాసము 'రెదేఁగొత్' అయి, విన్నరీతినే వ్రాయబడినది. ఙకారము పూర్వాచ్చున అనునాసికతగా లీనమైనది, కకారము గకారమైనది. అట్లే 'ప్యాకెట్ బోట్' అను మూడక్షరముల పదము 'పాక్‌బో' అని రెండక్షరములదైనది.

రెండవది దృష్టిమార్గము. ఇందు ఆంగ్లలేఖనము నిలిచి, ఉచ్చారణము ఫ్రెంచి లిపివిలువలను అనుసరించును. 'బడ్జెట్' తుది టకారమును కోల్పోయి 'బ్యుద్‌జె' అయినది. ఇందలి తొలి అచ్చు, నాలుకను ఇకారస్థానమున ఉంచి, పెదవులను ఉకారమునకువలె గుండ్రముచేసి పలుకునది. తెలుగున లేదు కనుక 'యు' అని సూచింపబడినది. 'షాంపూయింగ్' అను మూడక్షరముల పదము 'షాఁప్వేఁ' అని రెండింటికి కుదించుకొన్నది.

మార్గమేదైనను అక్షరవిభాగము ఫ్రెంచిదే. 'పుల్‌ఓవర్' అను పదమున ఆంగ్లేయులకు లకారము పూర్వపదమునకు చెందినది. ఫ్రెంచిలో అది 'ప్యు-లొ-వెర్' అని విడివడి, లకారము పరాచ్చును చేరును. 'వీక్ ఎండ్' సైతము 'వి-కెండ్' అగును. స్వరమధ్యస్థమైన ఏకవ్యంజనము పరస్వరమునకు అంగమని ప్రాతిశాఖ్యములు చెప్పిన నియమమునకు ఇది సమానము. ఊనికయు ఆంగ్లమున 'పుల్' పైనుండగా, ఫ్రెంచిలో తుది అక్షరమునకు జరుగును.

ధ్వనుల విషయము వేరు. 'పార్కింగ్' వంటి పదములతో పదాంత ఙకారము ఫ్రెంచిలోనికి వచ్చినది. 'షాంపూయింగ్' చివర అనునాసికాచ్చుగా మారిన లేఖనమే ఇచ్చట ఙకారముగా నిలిచినది. అయినను పదము 'పార్-కింగ్' అని ఫ్రెంచిరీతినే విడివడి, తుది అక్షరముననే ఊనికను పొందును. క్రొత్త ధ్వనిని స్వీకరించిన భాష తన అక్షరవ్యవస్థను మాత్రము విడువలేదు.

1964లో ఎత్యాఁబ్ల్ ఫ్రెంచిపై ఆంగ్లప్రభావమును తీవ్రముగా ఖండించెను. 1994లో ఫ్రెంచి వాడుకను రక్షించుటకు చట్టము వెలువడినది. పదముల రాకనుగూర్చిన ఆందోళన నిరాధారము కాకపోవచ్చును. కాని లేఖనమున పరాయిదిగా కనిపించు 'ప్యులొవెర్', స్వకీయముగా తోచు 'రెదేఁగొత్' వలెనే, ఫ్రెంచి అక్షరనియమమునకు లోబడినది. కావున ఆదానపద పరిశీలనలో లేఖనముతోపాటు అక్షరవిభాగమును కూడ ప్రమాణముగా గ్రహించుట యుక్తము.