బరిలోకి దించే చోటు

రగ్బీ లీగ్ పుట్టిందే కూలి డబ్బుల గొడవలో. ఉత్తర ఇంగ్లండ్ గనుల్లో, మిల్లుల్లో పనిచేసే ఆటగాళ్లు మ్యాచ్ కోసం పని మానేస్తే ఆ పూట కూలి పోయేది. ఆ నష్టం మేం భరిస్తామని క్లబ్బులన్నా రగ్బీ పెద్దలు ఒప్పుకోలేదు. దాంతో 1895 ఆగస్టులో ఉత్తరాది క్లబ్బులు హడర్స్‌ఫీల్డ్‌లోని జార్జ్ హోటల్లో కూర్చుని వేరు కుంపటి పెట్టుకున్నాయి. ఉద్యోగం గురించి ఈ ఆటగాళ్లను చూసి నేర్చుకోవడంలో వింతేం లేదు.

ఆ ఊరి క్లబ్బు హడర్స్‌ఫీల్డ్ జెయింట్స్‌లోనే తయారైన కుర్రాడు డామ్ యంగ్. 2001లో పుట్టాడు. ఆరున్నర అడుగుల మనిషి, వింగర్, అంటే మైదానం అంచున ఆడేవాడు. సొంత క్లబ్బు సీనియర్ జట్టులో అతనికి దక్కిన మ్యాచ్‌లు బహు కొద్ది. 2021 సీజన్‌కు ఆస్ట్రేలియాలోని న్యూకాజిల్ నైట్స్‌లో చేరాడు. అప్పటికి ఆ జట్టు టైటిల్ గెలిచి ఇరవై ఏళ్లయింది. కానీ అక్కడ ఆడనిచ్చారు. 2023లో ఒక్క సీజన్‌లోనే 25 ట్రైలు (బంతిని ప్రత్యర్థి గీత దాటించి నేలకు తాకించడం) కొట్టాడు. ఆ ఊపుతో 2024లో ఇంకా పెద్ద పేరున్న సిడ్నీ రూస్టర్స్‌కు వెళ్లాడు. 2025కల్లా రిజర్వ్ జట్టులో తేలాడు. అదే సీజన్ మధ్యలో మళ్లీ న్యూకాజిల్‌కే వచ్చేశాడు. పాత కంపెనీకి తిరిగి వెళ్తే నలుగురూ ఏమనుకుంటారోనని ఆగిపోయేవాళ్లు ఈ సంగతి గమనించాలి.

మొదటి మూడు నాలుగేళ్లలో కంపెనీ పేరు కంటే చేతికొచ్చే పని ముఖ్యమని నా గట్టి అభిప్రాయం. రగ్బీ లీగ్‌లో లెక్క తేలిక: బరిలో పదమూడు మంది, అందులో వింగర్లు ఇద్దరే. తన ముందు ఎవరున్నారో కుర్రాడికి తెలుస్తుంది. ఆఫీసుల్లో ఇది బయటికి కనిపించదు, అడగాలి. మొదటి ఆరు నెలల్లో నాకు ఏ పని అప్పగిస్తారు? నాకంటే ముందు ఆ పని చేసినవాళ్లు ఇప్పుడెక్కడున్నారు? ఇంటర్వ్యూలో ఈ రెండూ అడిగితే ఎవరూ తప్పు పట్టరు. సమాధానం నసుగుడుగా వస్తే అర్థమైపోతుంది. ఇప్పటికే నెలల తరబడి బెంచ్ మీద ఉన్నవాళ్లు రాజీనామాకు ముందు ఇంకో టీముకు మార్చమని అడిగి చూడాలి. ఇంగ్లండ్‌లో పెద్ద క్లబ్బులు కుర్రాళ్లను కింది డివిజన్ జట్లకు లోన్ మీద పంపేది కూడా ఇందుకే, మ్యాచ్‌లు ఆడి రాటుదేలాలని. అక్కడ దాన్ని ఎవరూ అవమానంగా చూడరు.

అలాగని చిన్న చోటల్లా మంచిదనీ కాదు, పెద్ద పేరుంటే భద్రతనీ కాదు. ఇంగ్లండ్‌లో రగ్బీ లీగ్ పై స్థాయి పోటీ అయిన సూపర్ లీగ్ టైటిల్‌ను నాలుగుసార్లు గెలిచిన బ్రాడ్‌ఫోర్డ్ బుల్స్ కంపెనీ 2017 జనవరిలో, సీజన్ మొదలవబోతుండగా మూతపడింది. ఆటగాళ్లు ఉన్నపళంగా రోడ్డున పడ్డారు. జీతం ఏ తారీఖున పడుతోంది, పీఎఫ్ నెలనెలా జమవుతోందా అన్నది అక్కడ పనిచేస్తున్నవాళ్లను విచారించాకే ఆఫర్ లెటర్ మీద సంతకం పెట్టండి.

ఇంకొకటి, శరీరం. లీడ్స్ రైనోస్ ఆటగాడు స్టీవీ వార్డ్‌కు 2020లో కెప్టెన్సీ ఇచ్చారు. ఆ ఏడాది మొదట్లోనే తలకు వరసగా దెబ్బలు తగిలాయి. 2021 జనవరిలో, 27 ఏళ్లకే ఆట మానేశాడు. ఆడుతున్న రోజుల్లోనే అతను మాంటాలిటీ అనే పత్రిక మొదలుపెట్టాడు, మగవాళ్ల మానసిక ఆరోగ్యం మీద. కాబట్టి ఆట ఆగిన రోజున చేతిలో వేరే పనంటూ ఒకటి ఉంది. మీరూ జీతం వస్తుండగానే రెండో పని నేర్చుకోండి. అయితే దాని మీద డబ్బు తీసుకునే ముందు అపాయింట్‌మెంట్ లెటర్‌లో వేరే పని చేయకూడదన్న షరతు ఉందేమో చదవండి. ఉంటే హెచ్‌ఆర్‌కు మెయిల్ పెట్టి అనుమతి అడగండి. ఫోన్లో సరేనన్న మాట చాలదు.