మినిమలిస్ట్ శిల్పకళ: ఖాళీ, లోహం, రంగు

1960వ దశకంలో అమెరికాలో బలపడిన కళాధోరణి మినిమలిజం. చెక్కడం, పోత పోయడం మాని, ఫ్యాక్టరీ సరుకుతో సరళ జ్యామితీయ రూపాలు నిర్మించడం దీని ప్రత్యేకత. శిల్పానికి పీఠం ఉండదు. నేరుగా నేల మీదో, గోడ మీదో ఉంటుంది. 1966లో న్యూయార్క్ జ్యూయిష్ మ్యూజియంలో జరిగిన ‘ప్రైమరీ స్ట్రక్చర్స్’ ప్రదర్శన దీనికి గుర్తింపు తెచ్చింది.

ముఖ్యాంశాలు

• డోనాల్డ్ జడ్ (1928–1994): ‘స్పెసిఫిక్ ఆబ్జెక్ట్స్’ వ్యాసకర్త (1965). ఒకే కొలత గల పెట్టెలను గోడకు నిలువు వరసలో బిగించాడు. పెట్టెల మధ్య సమానంగా వదిలిన ఖాళీ కూడా శిల్పంలో భాగమే. పెట్టెలకు అమర్చిన రంగుల ప్లెక్సీగ్లాస్ (గాజులాంటి ప్లాస్టిక్) గుండా వెలుతురు పడి గోడకూ ఆ రంగు అంటుతుంది. టెక్సస్‌లోని మార్ఫాలో ఆయన అల్యూమినియం పెట్టెలు 100 ఉన్నాయి. బయటి కొలతలు ఒకటే, లోపలి అమరిక దేనికదే వేరు.
• డాన్ ఫ్లావిన్ (1933–1996): దుకాణంలో దొరికే ట్యూబ్‌లైట్లతో గదినే రంగుతో నింపాడు.
• కార్ల్ ఆండ్రే (1935–2024): ‘ఈక్వివలెంట్ 8’ (1966), ఒకదానిపై ఒకటి రెండు పొరలుగా పేర్చిన 120 ఇటుకలు. 1972లో లండన్ టేట్ గ్యాలరీ కొన్నది.
• ఆన్ ట్రూయిట్ (1921–2004): చెక్క స్తంభాలపై పొరలు పొరలుగా రంగు.

మాదిరి ప్రశ్న: ట్యూబ్‌లైట్లను ప్రధాన మాధ్యమంగా వాడిన శిల్పి ఎవరు?
జవాబు: డాన్ ఫ్లావిన్