కంప్యూటర్ హఠాత్తుగా నెమ్మదిస్తే

తెల్లాపూర్‌లో మనలో కొందరి ఇళ్లలో ఉన్నవి ఆఫీసుల్లో వాడి అమ్మేసిన పాత కంప్యూటర్లే. నిన్నటిదాకా బాగా నడిచింది ఇవాళ మొరాయిస్తే వెంటనే ఫార్మాట్ చేయించవద్దని మా మనవి. పిల్లల స్కాలర్‌షిప్ దరఖాస్తుకు కావలసిన సర్టిఫికెట్లు అందులోనే ఉండవచ్చు.

కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మీటలు కలిపి నొక్కితే టాస్క్ మేనేజర్ వస్తుంది. మెమరీ నిండిపోతే బ్రౌజర్‌లో తెరిచి వదిలేసిన పేజీలు మూసేయండి. (పిల్లలు ముప్పై పేజీలు తెరిచిపెట్టడం మేము చూశాం!) డిస్క్ 100 శాతం చూపితే విండోస్ అప్‌డేట్ జరుగుతూ ఉండవచ్చు, గంటసేపు ఆగండి. అప్పటికీ తగ్గక, లోపల హార్డ్ డిస్క్ టకటకమంటుంటే అది చెడిపోతున్నదని అనుమానించాలి. వెంటనే ముఖ్యమైన ఫైళ్లు పెన్‌డ్రైవ్‌లోకి కాపీ చేసుకోండి. ఎస్‌ఎస్‌డీ వేయించే మాట ఆ తర్వాతే.