తాగుడు వెనుక దాగిన జబ్బు

ఇంట్లో ఒకరు తాగుతుంటే మన కంటికి సీసా ఒక్కటే కనిపిస్తుంది. దాని వెనుక మరో జబ్బు ఉండవచ్చునన్న ఆలోచన రాదు. బైపోలార్ వ్యాధి అలా దాగి ఉండగలదు. పూర్వం దీనినే మేనిక్ డిప్రెషన్ అనేవారు.

ఈ వ్యాధిగ్రస్తులు కొన్నాళ్లు పట్టరాని ఉత్సాహంలో ఉంటారు. రెండు గంటల నిద్ర చాలంటారు. మాట ఆగదు, చేతిలో డబ్బు నిలవదు. మరికొన్నాళ్లు మంచం దిగరు, బ్రతుకు మీద ఆశే పోతుంది. ఉత్సాహంలో హద్దు తెలియక కొందరు తాగుతారు. నిద్ర కోసమో, దిగులు మరచిపోవడానికో మరికొందరు తాగుతారు. కాని మద్యం నిద్రను చెడగొట్టి, దిగులును పెంచి, ఆత్మహత్య ప్రమాదాన్ని మరింత దగ్గర చేస్తుంది. 1990లో ప్రచురితమైన అమెరికా సర్వేలో, తీవ్రమైన బైపోలార్ వ్యాధి ఉన్నవారిలో నూటికి 46 మంది ఎప్పుడో ఒకప్పుడు మద్యానికి చిక్కినవారే. మొత్తం జనంలో ఆ సంఖ్య సుమారు 14.

తాగని నెలల్లో కూడా ఈ ఎత్తుపల్లాలు వచ్చాయా? రక్తసంబంధీకులలో ఎవరికైనా ఉండేదా? ఈ సంగతులు డాక్టరుగారికి మీరే చెప్పాలి. ఉత్సాహంగా ఉన్న రోజులను రోగి జబ్బనుకోడు. దిగులు ఒక్కటే చెప్పి, దానికి మాత్రమే మాత్రలు వాడితే ఒక్కోసారి ఉన్మాదం పైకి లేస్తుంది.

కొందరు తల్లులు, భార్యలు తాగుడు మాన్పించే మాత్రను తెలియకుండా కూరలో కలుపుతారు. వారి బాధ అర్థమవుతుంది, కాని ఆ పని చేయకండి. ఆ పైన అతను తాగితే రక్తపోటు పడిపోయి ప్రాణం మీదకు రావచ్చు. దేవుని ముందు ఒట్టు వేయించి ఒక్కసారిగా మాన్పించడమూ ప్రమాదమే. రోజూ బాగా తాగేవారికి రెండు మూడు రోజుల్లో ఫిట్స్, మతిభ్రమ రావచ్చు. ముందు ఆసుపత్రికి, తరువాతే ఒట్టు.

1949లో ఆస్ట్రేలియా డాక్టరు జాన్ కేడ్ వెలుగులోకి తెచ్చిన లిథియం నేటికీ మంచి మందే. (మన భాషలో సారానూ, మాత్రనూ 'మందు' అనే అంటాం!) అయితే తాగి, వాంతులై ఒంట్లో నీరు తగ్గితే రక్తంలో లిథియం విషస్థాయికి చేరవచ్చు. అందుకే రక్తపరీక్ష తప్పనిసరి. తాగాడని భయపడి మాత్రలు మీరే ఆపేయకండి, డాక్టరును అడగండి.

"ముందు తాగుడు మాన్పించి తీసుకురండి" అని ఎవరైనా తిప్పి పంపితే అక్కడితో ఆగిపోకండి. రెండింటికీ కలిపి చికిత్స చేసే మానసిక వైద్యుని వెదకండి. ఎవరిని కలవాలో తెలియకపోతే, ప్రభుత్వం 2022లో ప్రారంభించిన టెలి మానస్ నంబరు 14416కు ఫోను చేయండి. రాత్రి అయినా తెలుగులో మాట్లాడతారు.