అచౌర్యాణువ్రతము – కంప్యూటరు తాళము

శ్రావకుడు పాలింపవలసిన అణువ్రతములలో మూడవది అచౌర్యము. ఈయబడనిదానిని గ్రహించుటయే చౌర్యమని ఉమాస్వామి తత్త్వార్థసూత్రమున నిర్ణయించెను. సొత్తుగలవానికి ఎంత నష్టము కలిగినదను లెక్కకు ఈ లక్షణములో చోటు లేదు. కాని కంప్యూటరు ప్రోగ్రాములకు నకలు తీయువారు చెప్పు సమాధానము ఈ నష్టమునే పట్టుకొని యుండును. "అసలు వానివద్దనే యున్నది గదా, వానికి పోయినదేమి?" అందురు.

చాకవేలువంటి ఊరిలో ఇది వట్టి తర్కము కాదు. బాగేపల్లి ప్రాంతపు ఈ పల్లెలలో ఇంటిమాట తెలుగు. బడిలోను, కచేరీలోను కన్నడము. శుభలేఖలు, అర్జీలు తయారుచేయు దుకాణమునకు రెండు లిపులును కావలెను. కన్నడమునకు కన్నడ గణక పరిషత్తు తయారుచేసిన ‘నుడి’ ఉచితముగా లభించును. అది ఈయబడిన వస్తువు. తెలుగు డి.టి.పి. పనికి వాడు అక్షరములలో పెక్కు వెలకు అమ్మబడునవి. వెల యీయక, ఎవరో తాళము విరిచిన నకలును పెన్‌డ్రైవులో తెచ్చుకొనుట బహు సులభము.

ఈ వ్రతమునకు చెప్పిన అయిదు అతిచారములలో మూడు ఇక్కడ తగులును. తాళము విరువుమని మరియొకని పురికొల్పుట స్తేనప్రయోగము. విరిచి తెచ్చినదానిని పుచ్చుకొనుట తదాహృతాదానము. నకలును అసలువలె యంత్రములోనెక్కించి అమ్ముట ప్రతిరూపకవ్యవహారము. 1957 నాటి కాపీరైటు చట్టమునకు 1994లో చేసిన సవరణయు, దొంగనకలని తెలిసి ప్రోగ్రామును వాడుటను నేరముగానే ఎంచి, 7 దినములు మొదలు 3 సంవత్సరములవరకు ఖైదును పేర్కొన్నది.

ఇక సొమ్ము చెల్లించి కొన్నవాని కష్టమును కూడ చూడవలెను. కొన్ని ప్రోగ్రాములు కంప్యూటరునకు ‘డాంగిల్’ అను చిన్న తాళము తగిలించినగాని పనిచేయవు. అది పోయినను, చెడినను కొన్నవాని పని నిలిచిపోవును. పాత తాళములలో పెక్కు ప్రింటరు పోర్టునకు తగిలించునవి. క్రొత్త యంత్రములకు ఆ పోర్టే యుండదు. దొంగనకలు వాడువానికి ఈ బాధలేవియు లేవు! నష్టభయముచే అదనపు ప్రతి నొకదానిని దాచుకొనుటకు చట్టము కొన్నవానికి అనుమతి యిచ్చినను, తాళము ఈయదు. ఇట్టి తాళములను విరుచుటను 2012 సవరణ శిక్షార్హము చేసినది. అయితే హక్కును భంగపరచు ఉద్దేశ ముండవలెనన్నది.

పూజ్యపాదుడు సర్వార్థసిద్ధిలో ఈ సందర్భమునకు పనికివచ్చు విచారణ చేసెను. ముని వీథులలో, వాకిళ్లలో ప్రవేశించుట అదత్తగ్రహణము కాదా యని శంక. అవి అందరికిని విడువబడినవి కనుక కాదు. మూసిన తలుపులోనికి ముని పోడు.

మూసిన తలుపు మన సమాజమునకును క్రొత్త కాదు. ధవళ, జయధవళ గ్రంథముల ప్రాచీన తాళపత్రప్రతులు మూడబిదిరె బసదిలో మాత్రమే మిగిలి, దర్శనమునకే పరిమితమై యుండెను. 19వ శతాబ్ది చివర ప్రతి వ్రాయుటకు అనుమతి దొరికినను, ఆ ప్రతి ఊరు దాటరాదనిరి. వ్రాయసకాడగు గజపతి ఉపాధ్యాయుడు తన భార్య లక్ష్మీబాయి సాయముతో రహస్యముగా కన్నడలిపిలో మరియొక ప్రతి సిద్ధపరచెను. షోలాపురపు సేఠ్ హీరాచంద్ దానిని కొన నిరాకరించెను. రహస్యముగా తెచ్చినది గదా! సహారన్‌పూరు లాలా జంబూప్రసాద్ కొనెను. అచ్చట సీతారామశాస్త్రి దానిని నాగరిలోనికి మార్చుచు, తానును గుట్టుగా ఒక ప్రతి యుంచుకొనెను. దాని సంతతియే దేశమంతట వ్యాపించి, 1939లో హీరాలాల్ జైన్ అచ్చువేసిన మొదటి సంపుటమునకు ఆధారమైనది. తరువాతి సంపుటములకు మూడబిదిరెవారే తాళపత్రములతో పాఠము సరిచూచుకొను అవకాశ మిచ్చిరి. గ్రంథము లోకమునకు దక్కినదని సంతసించువారు సేఠ్ నిరాకరణమును మరువరాదు. ఆయనకును ఆ గ్రంథము కావలసియే యుండెను.

శాస్త్రదానమున నకలు పుణ్యమే. పొన్నకవి శాంతిపురాణమునకు అత్తిమబ్బె వేయి ప్రతులు వ్రాయించి పంచెను. తిరుమల కృష్ణదేశికాచార్యులు తాము రూపొందించిన పోతన, వేమన తెలుగు అక్షరములను ఎవరైనను వాడుకొని, ఇతరులకు పంచుకొనవచ్చునను లైసెన్సుతో విడిచిరి. చాకవేలు దుకాణములో ఇవి ‘నుడి’ ప్రక్కనే ఎక్కించుకొనవచ్చును. కొన్న ప్రోగ్రాము తాళము చెడినవాడు రసీదు చూపి, అమ్మినవారిని మారుతాళము లిఖితముగా అడుగవలెను.