చెదరిన లోకం – చెదరని సంకల్పం

మానవ శరీరంలో మెదడు విలక్షణమైన అవయవం. కాలు విరిగినవాడు తనకేమి జరిగిందో స్పష్టంగా చెప్పగలడు. మెదడుకు గాయమైనవాని స్థితి వేరు. లోకాన్ని తెలుసుకునే సాధనమే అతనిలో దెబ్బతింటుంది. అటువంటి గాయాల వల్ల మనిషి జ్ఞాపకం, భాష, ఆలోచన ఏ విధంగా మారుతాయో పరిశీలించే శాస్త్రమే నాడీ మనోవిజ్ఞాన శాస్త్రం. దీనికి పునాదులు వేసినవారిలో రష్యన్ శాస్త్రవేత్త అలెగ్జాండర్ లూరియా (1902–1977) అగ్రగణ్యులు. ఆయన పరిశోధనలలో ఒక సైనికుని గాథ చిరస్మరణీయమైనది.

అది రెండవ ప్రపంచ యుద్ధకాలం. 1943 మార్చిలో స్మోలెన్‌స్క్ ప్రాంతంలో జర్మన్ సేనలతో జరిగిన పోరులో జసెట్‌స్కీ అనే ఇరవై మూడేళ్ల సైనికాధికారి తలలోకి తుపాకి గుండు దూసుకుపోయింది. సాంకేతిక విద్యను అభ్యసిస్తూ యుద్ధానికి వెళ్లిన యువకుడతడు. ప్రాణం దక్కింది గాని, మెదడు ఎడమ అర్ధభాగంలో వెనుకవైపు తీవ్రంగా దెబ్బతిన్నది. కొన్ని నెలల తరువాత అతడు లూరియా పర్యవేక్షణలోకి వచ్చాడు.

ఆ యువకునికి కుడివైపు దృశ్యం కనబడేది కాదు. కనబడినది కూడా ముక్కలు ముక్కలుగా తోచేది. తన శరీరంలో కుడి ఏదో, ఎడమ ఏదో నిర్ణయించుకోలేకపోయేవాడు. వస్తువుల పేర్లు సమయానికి స్ఫురించేవి కావు. అక్షరాలు పరాయి లిపిలా కనిపించేవి. ఒకనాటి మేధావి విద్యార్థి తిరిగి ఓనమాల దగ్గర మొదలుపెట్టవలసి వచ్చింది.

లూరియా అతని భాషను సూక్ష్మంగా పరీక్షించారు. 'తండ్రి సోదరుడు', 'సోదరుని తండ్రి' వంటి పదబంధాలను తీసుకుందాం. రెండింటిలోనూ ఉన్న బంధుత్వ పదాలు అవే. కాని పదాల వరుస, విభక్తి మారినందువల్ల అర్థం మారింది. మనం క్షణంలో గ్రహించే ఈ భేదం అతనికి అందేది కాదు. విడివిడి పదాలు తెలిసినా వాటి మధ్య సంబంధం తెలిసేది కాదు. చూపును, స్థలజ్ఞానాన్ని, భాషను కలిపి ఒక సమగ్రరూపంగా కూర్చే భాగానికే గాయమైందని లూరియా వివరించారు.

అయితే అతని నుదుటి వెనుక ఉండే మెదడు భాగం క్షేమంగా ఉంది. లక్ష్యాన్ని నిర్ణయించుకోవడానికి, పట్టుదలతో ప్రయత్నించడానికి ఆ భాగం ఆధారం. అందువల్ల తాను ఏమి కోల్పోయాడో అతనికి పూర్తిగా తెలుసు. అతని వేదనకు కారణం అదే. అతని బలమూ అదే.

అక్షరం వెంట అక్షరం గుర్తుచేసుకుంటూ రాయబోతే అతని చేయి ఆగిపోయేది. ఒకరోజు వైద్యుడు, అక్షరాలను గురించి ఆలోచించకుండా, చేయి ఎత్తకుండా పదం మొత్తాన్ని ఒక్కసారిగా రాయమన్నాడు. ఆశ్చర్యం! చేయి కదిలింది, పదం రూపుకట్టింది. చిన్ననాటి నుండి అభ్యాసంలో ఉన్న రాత చేతికి అలవాటైన చలనంగా మిగిలే ఉంది. కాని తాను రాసినదానిని తానే చదువుకోలేని దుస్థితి అతనిది.

అయినా అతడు కలం విడువలేదు. ఒక్కొక్క వాక్యానికై గంటల తరబడి శ్రమించాడు. దాదాపు పాతికేళ్లలో సుమారు 3000 పుటలు రాశాడు. ఆ రచనకు 'పోరాడుతూనే ఉంటాను' అనే అర్థం వచ్చే పేరు పెట్టుకున్నాడు. లూరియా ఆ రాతలకు తన వివరణను జోడించి 1971లో గ్రంథంగా ప్రకటించారు. జసెట్‌స్కీ పూర్తిగా కోలుకోలేదు. కాని మెదడు గాయాన్ని లోపలి నుండి వర్ణించి లోకానికి మహోపకారం చేశాడు.

ఈ గాథ నేటికీ మనకు అవసరం. రోడ్డు ప్రమాదంలో తలకు దెబ్బ తగిలినవాడు నడుచుకుంటూ ఇంటికి వస్తే అంతా నయమైందనుకుంటాం. తరువాత అతడు చెప్పినది మరచిపోయినా, చిన్న విషయానికే కోపగించుకున్నా సోమరి అనీ, మొండివాడనీ నిందిస్తాం. అది స్వభావదోషం కాక గాయం మిగిల్చిన లోపం కావచ్చు. నిపుణులు ఏకాగ్రతను, జ్ఞాపకాన్ని, భాషను వేరువేరుగా పరీక్షిస్తారు. పోయినదేదో, మిగిలినదేదో తెలుసుకుని, మిగిలిన శక్తితో లోటును పూరించే మార్గం చూపుతారు. ఆత్మీయుల ఓర్పు కూడా ఆ చికిత్సలో భాగమే.

అర్థాలు
విలక్షణమైన = ప్రత్యేకమైన
అగ్రగణ్యులు = ముందుగా లెక్కించదగినవారు
స్ఫురించు = మనసుకు తట్టు
పుట = పేజీ

ప్రశ్నలు
1. జసెట్‌స్కీ భాషలో లూరియా గుర్తించిన లోపమేమిటి?
2. అతనికి రాయడం ఎలా సాధ్యమైంది?
3. 'అతని వేదనకు కారణం అదే. అతని బలమూ అదే' – వివరించండి.