విడిభాగములతో ఇంట కూర్చెడు కారు



కారనగా కర్మాగారములో పుట్టి దుకాణమునకు వచ్చునదని మనమెరుగుదుము. అయితే ఇంగ్లాండు దేశములో సామాన్య ఉద్యోగస్థులు సెలవు దినములలో, ఇంటి ప్రక్కనున్న కొట్టములో, తమ చేతులతోనే కారు కూర్చుకొనుట 70 ఏండ్లకు పైబడిన వాడుక. కంపెనీవారు ఇనుప గొట్టముల చట్రమును, రేకులను, తక్కిన సామానును పెట్టెలలో పంపుదురు. ఇంజను, గేరుబాక్సు తరచుగా పాతకారునుండి తీసినవే. దీనికి కిట్టు కారని పేరు. మన పల్లెలలో ఆయిల్ ఇంజను విప్పి బిగింపగల యువకులు అనేకులున్నారు గనుక ఈ నెల ఈ సంగతిని పాఠముగా తీసికొంటిమి. కూర్చు విధముకంటె, కూర్చినది కదలనప్పుడు ఏమి చేయవలెననునదే మాకు ముఖ్యము.

ఈ వాడుక ప్రబలుటకు కారణము పన్ను. 1957లో కాలిన్ చాప్మన్ అనునాయన లోటస్ సెవెన్ అను చిన్న కారును వెలువరించెను. పూర్తిగా కూర్చినది కొనిన యెడల కొనుగోలు పన్నుతో కలిపి వెయ్యి పౌనులకు పైగా అయ్యెడిది. విడిభాగములుగా కొనినవానికి ఆ పన్ను లేదు. ఆరువందల పౌనులలోపే ముగిసెడిది. అయితే కూర్చు విధమును తెలుపు కాగితము పెట్టెతో ఇయ్యకూడదని నియమము. అందుచేత విప్పు విధమును వ్రాసి ఇచ్చిరనియు, కొనినవాడు దానిని చివరనుండి మొదటికి చదువుకొని పని సాగించెననియు చెప్పుదురు. నవ్వు పుట్టించు సంగతియే గాని, విప్పిన వరుస నెరిగినవాడే మరల కూర్చగలడని మన మేస్త్రీలు కూడ ఒప్పుకొందురు. 1973లో ఆ పన్ను రద్దయి విలువ ఆధారిత పన్ను వచ్చెను. ఆ ఏటనే కేటర్‌హామ్ కంపెనీవారు ఆ కారును చేపట్టి నేటికిని కిట్టుగా అమ్ముచున్నారు.

1996లో రాన్ చాంపియన్ అనునాయన పాత ఫోర్డు ఎస్కార్టు సామానుతో 250 పౌనులకే ఇట్టి కారు చేసికొనవచ్చునని ఒక పుస్తకము వ్రాసెను. ఆ లెక్కలో కూర్చువాని కూలి లేదని గమనింపవలెను. గోపురము కట్టగోరువాడు ముందుగా కూర్చుండి ఖర్చు చూచుకొనుటను గూర్చిన ఉపమానము మీకు తెలిసినదే. సగము కూర్చి విడిచిన కార్లు ఆ దేశములో అమ్మకమునకు వచ్చుచునే యుండును.

ఇక చిక్కులకు వత్తము. తాళము త్రిప్పగా సెల్ఫు టక్కుమని ఊరకుండును. క్రొత్తవాడు వెంటనే మరియొక స్టార్టరు కొనును, అదియు టక్కుమనును. ఏలయనగా ఇంజను రబ్బరు దిమ్మలమీద కూర్చున్నది. రబ్బరు కరెంటును పోనియ్యదు. చట్రమునకు పూసిన దళసరి రంగును అట్టిదే. ఇంజనునుండి చట్రమునకు లావైన ఎర్తు పట్టీ లేకపోయిన యెడల, కరెంటు తిరిగి వచ్చుటకు వేరొక దారి వెదకుకొని, క్లచ్చి తీగగుండ గాని యాక్సిలరేటరు తీగగుండ గాని ప్రవహించి, దానిని కాల్చివేయును. రంగును మెరయు ఇనుము కనబడువరకు గీకి, పట్టీని గట్టిగా బిగించుటయే మందు. ఫైబరు గ్లాసు బాడీమీది దీపములకు ఒక్కొక్కదానికి వేరుగా ఎర్తు వైరు ఉండవలెను. సిగ్నలు వేసినప్పుడు వెనుక దీపము కూడ మినుకుమినుకుమనిన యెడల ఎర్తులోనే లోపమున్నదని తెలిసికొనవచ్చును.

మరియొకప్పుడు సెల్ఫు బాగుగా తిరుగును గాని ఇంజను అంటుకొనక కార్బురేటరుగుండ తుపాకివలె ప్రేలును. అనేక నాలుగు సిలిండర్ల ఇంజనులు 1-3-4-2 వరుసను మండును. అయితే పాత ఎస్కార్టులోని ఫోర్డు కెంట్ ఇంజను వరుస 1-2-4-3. అలవాటు చొప్పున ప్లగ్గు వైర్లు పెట్టినవాడు ఎన్ని దినములు శ్రమపడినను ఫలముండదు. డిస్ట్రిబ్యూటరు సగము చుట్టు తప్పి కూర్చున్నను ఇదే శబ్దము వచ్చును.

నీరు మరుగుట కూడ కలదు. ఈ కార్ల ముక్కు పల్లముగా నుండుటచేత రేడియేటరు ఇంజనుకంటె క్రిందుగా నుండి, గాలి పైపులలో చిక్కుకొనును. ముందుభాగమును జాకీతో ఎత్తి మెల్లగా నీరు పోసిన యెడల చాలవరకు తీరును.

బ్రేకుల సంగతి వేరు. తక్కిన లోపములు బండిని నిలిపివేయును గాని ఈ లోపము బండిని నిలువనియ్యదు. పెడలు త్రొక్కగా దూదిమీద కాలు పెట్టినట్లు దిగిపోయిన యెడల పైపులలో గాలి యున్నది. ఆయిల్ ఇంజను పైపులో గాలి చొరబడినప్పుడు స్క్రూ వదులు చేసి బుడగలు పోవువరకు పంపు కొట్టుట మన రైతులెరిగిన పనియే, ఇదియు అట్టిదే. ఒకరు పెడలు త్రొక్కవలెను, మరియొకరు చక్రమునొద్ద నిప్పిలు విప్పవలెను, కాలు ఎత్తకముందే దానిని మూయవలెను. మాస్టరు సిలిండరుకు మిక్కిలి దూరమైన చక్రముతో ఆరంభింపవలెను. డబ్బాలో బ్రేకు ఆయిలు అడుగంటనియ్యరాదు. ఇన్ని చేసినను పెడలు గట్టిపడకపోవుట కలదు. అప్పుడు మాస్టరు సిలిండరు చెడినదని అనేకులు తలంతురు. ముందు నిప్పిలు ఎక్కడున్నదో చూడవలెను. కుడి కాలిపరు ఎడమకు, ఎడమది కుడికి బిగించిన యెడల అది క్రిందివైపునకు వచ్చును. గాలి పైకి పోవునది గనుక పైననే నిలిచి, ఎంత ఆయిలు పోసినను బయటికి రాదు. రెండింటిని మార్చి బిగించిన యెడల పని ముగిసెను. కొనవలసినది ఆయిలు మాత్రమే.

ఇందుచేతనే మేము ఒక నియమమును గట్టిగా చెప్పుచున్నాము. ఒకసారికి ఒక్కదానినే మార్చి, పరీక్షించి, కాగితముమీద వ్రాసికొనవలెను. మూడింటిని ఒకేసారి మార్చినవాడు బండి నడచినను ఎందుచేత నడచెనో ఎరుగడు. చివర ముట్టుకొన్న పనిని ముందుగా చూడవలెను.

ఇంగ్లాండులో ఇట్టి కారు రోడ్డెక్కుటకు ముందు సర్కారు పరీక్షలో నెగ్గవలెను. ఇప్పటి పరీక్ష 2009లో ఆరంభమాయెను. బ్రేకులు, దీపములు, స్టీరింగేగాక, బాటసారికి గాయము కలుగకుండునట్లు బయటి అంచులు 2.5 మిల్లీమీటర్ల వ్యాసార్ధమునకు తగ్గక గుండ్రముగా నున్నవో లేవో చూతురు. మన దేశమందు వాహనముల ప్రతి నమూనాకును ముందుగా ఆమోదము కావలెను గనుక ఇంట కూర్చినది రోడ్డుమీద నడుపుట సులభముగా పొసగదు. ఉత్సాహముగల యువకులు ఇనుము కొనకముందే రవాణా కార్యాలయములో విచారించుట మంచిది.

పరీక్షలో నెగ్గిన తరువాత కూడ మొదటి 100 మైళ్లు మెల్లగా నడిపి, కొట్టములోనికి తెచ్చి, చక్రములు మొదలుకొని స్టీరింగు వరకు ప్రతి బోల్టును మరల పానాతో పట్టి చూచెదరు. క్రొత్తగా బిగించినవి అదురునకు వదులగును. కొన్ని చుట్టులో పావువంతు తిరుగును, కొన్ని కదలనే కదలవు.